చెప్పి వెళ్లడం

కామారెడ్డిలో బస్టాండైనా, కలెక్టరేటైనా, రిజిస్ట్రేషన్ ఆఫీసైనా, జనం కాగితాలు పట్టుకుని తిరిగే ప్రతిచోటా ఒక జిరాక్సు దుకాణం ఉంటుంది. లోపల ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకు అంటించిన పాస్‌పోర్టు ఫోటోల నమూనాలు. పొద్దుటి నుంచి కులం సర్టిఫికెట్టుకు దరఖాస్తు, పాసుబుక్కులో పేరు తప్పు పడిందన్న అర్జీ, పట్నంలో ఉద్యోగం వెతుక్కునే కొడుకు బయోడేటా, ఇట్లా ఏదో ఒకటి టైపు అవుతూనే ఉంటుంది.

ఆ రద్దీలో అప్పుడప్పుడు ఒక మనిషి పక్కగా నిలబడి, తన వంతు వచ్చినా వెనకవాళ్లకు దారి ఇస్తుంటాడు. బయోడేటా కొట్టించుకునే పిల్లలు దోస్తులతో వస్తారు, గట్టిగా మాట్లాడతారు, ఫోటో బాగా రాలేదని నవ్వుకుంటారు. ఇతను ఒక్కడే వస్తాడు. దుకాణం కాస్త ఖాళీ అయ్యాక వంగి, మెల్లగా చెబుతాడు. "రాజీనామా లెటర్ ఒకటి కావాలె తమ్మీ."

టైపు చేసే పిల్లవాడికి అది కొత్త కాదు. మునుపు ఎవరికో చేసిన ఫైలు ఉంటుంది. మనిషి పేరు, కంపెనీ పేరు, తేదీ మారుస్తాడు. ఒక్కటి మాత్రం అడుగుతాడు. "కారణం ఏం పెట్టాలె అన్నా?" కాసేపు ఆగి వచ్చే జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. "సొంత కారణాలు అని పెట్టు."

ఐదు నిమిషాల్లో కాగితం చేతికి వస్తుంది. మడత పడకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని అతను వెళ్లిపోతాడు.

సొంత కారణాలు! ఆ రెండు మాటల వెనక ఎంత ఉంటుందో. అమ్మకు డయాలసిస్ మొదలై వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి రావడం ఉంటుంది. రెండు నెలలుగా అందని జీతం ఉంటుంది. నలుగురి ముందు పడ్డ మాట, ఆ రాత్రి సహించని అన్నం ఉంటాయి. పెళ్లయి ఊరు మారడం ఉంటుంది. రెండు వేలు ఎక్కువ ఇస్తామన్న ఇంకో దుకాణం ఉంటుంది. చెప్పుకోదగ్గ కారణమేదీ లేకుండా, ఒక పొద్దున నిద్ర లేచేసరికి ఇక ఈ పని తనవల్ల కాదని తెలిసిపోవడమూ ఉంటుంది.

ఇవేవీ కాగితంలోకి రావు. రానక్కర్లేదు కూడా. వెళ్లేవాడు తన కష్టాన్ని నలుగురిలో విప్పి చూపించుకోకుండా ఆ రెండు మాటలు కాపాడతాయి. అందుకే నాకు అవంటే గౌరవం. పొడిమాటలని కొందరికి అనిపించవచ్చు. ఆ పొడితనంలో ఒక మర్యాద ఉంది.

మనలో చాలామంది రాసిన మొదటి ఉత్తరం సెలవు చీటీ. ఆరో తరగతిలోనో ఏడులోనో సారు బోర్డు మీద రాస్తే నోటుబుక్కులో ఎక్కించుకున్నాం. జ్వరం వచ్చినందున రెండు రోజులు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన, ఇట్లు మీ విధేయ విద్యార్థి. ఆ తర్వాత ఉద్యోగానికి దరఖాస్తు రాయడమూ నేర్పారు, పరీక్షలో మార్కులు కూడా వేశారు. ఉద్యోగం వదిలేటప్పుడు ఏం రాయాలో మాత్రం ఏ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. అందుకే అవసరం పడ్డరోజు చేతికి తగిలేది ఆ పాత సెలవు చీటీయే. పైన తేదీ, కింద విధేయుడు, మధ్యన నాలుగు వాక్యాలు. యాభై ఏళ్ల మనిషి రాసిన రాజీనామాలోనూ ఆ ఆరో తరగతి పిల్లవాడు కనబడుతూనే ఉంటాడు.

నేర్పకపోవడానికి కారణం లేకపోలేదు. నౌకరి దొరకడమే గగనమైన రోజుల్లో దాన్ని వదలడం గురించి ఎవరు ఆలోచిస్తారు? బడిపంతులైనా, ఆర్టీసీ కండక్టరైనా, కరెంటాఫీసు లైన్‌మనైనా చేరిన కొలువులోనే తల నెరిసేది. ఇల్లరికపు అల్లుళ్లు కూడా అత్తగారింటి మీద అలిగి వెళ్లేవాళ్లేమో గానీ సర్కారు నౌకరి మీద అలిగినవాళ్లు తక్కువ.

ఆ కొలువు ముగిసే రోజుకు ఒక పండగ ఉండేది, ఇప్పటికీ ఉంది. శాలువా, పూలదండ, ఫ్రేము కట్టిన సన్మాన పత్రం. తోటివాళ్లు ఒక్కొక్కరే మైకు ముందుకు వచ్చి ముప్పై ఏళ్లలో ఎన్నడూ చెప్పని మంచిమాటలు చెబుతారు. భార్యను కూడా వేదిక మీదకు పిలిచి పక్కన కూర్చోబెడతారు. చివర అందరూ కలిసి ఇంటిదాకా దిగబెట్టి వస్తారు. తెలంగాణలో 2021 నుంచి సర్కారు ఉద్యోగి పదవీ విరమణ వయసు 61 ఏళ్లు. అంతదాకా ఉన్నవాళ్లకే ఆ శాలువా. మధ్యలో వెళ్లినవాడికి దండ వేసి పంపే ఆచారం మనకు ఎందుకో ఏర్పడలేదు. పది పన్నెండేళ్లు పనిచేసిన మనిషి ఆఖరి రోజు సాయంత్రం టిఫిన్ డబ్బా, మంచినీళ్ల సీసా, టేబుల్ మీది చిన్న దేవుడి ఫోటో సంచిలో వేసుకుని బైటికి నడుస్తాడు. వాచ్‌మన్ ఒక్కడే ఎదురొచ్చి చేయి కలుపుతాడు.

చేరిన కొలువులోనే తల నెరిసిన తరానికీ, కొలువులు మారే తరానికీ మధ్య ఫోన్లో జరిగే మాటలు వింటే మనసు మెత్తబడుతుంది. ఎల్లారెడ్డి దగ్గర ఊళ్లో ఉన్న తండ్రికి హైదరాబాద్ నుంచి కొడుకు చెబుతాడు. "పేపర్ పెట్టిన బాపూ." ఆ మాట అర్థమయ్యేసరికి తండ్రికి కాసేపు పడుతుంది. మొదట అడిగేది జీతం గురించి కాదు. "ఎవలన్న ఏమన్న అన్నరా బిడ్డా?" కొడుకు నవ్వి, అదేం లేదు, ఇంకో కంపెనీలో దొరికింది, కానీ ఇక్కడ మూడు నెలల నోటీసు ఉందంటాడు. తండ్రికి ఇంకో అనుమానం. "పోతనని చెప్పినంక మూడు నెలలు వాళ్లు నిన్ను మంచిగ చూస్తరా?"

ఆ ముసలాయన ఏనాడూ నోటీసు ఇచ్చి ఉండడు. అయినా అసలు సంగతి పట్టుకున్నాడు. కాగితం ఇవ్వడం ఒక పూట పని. ఇచ్చిన తర్వాతి రోజులు గడవడమే కష్టం.

ఆ నోటీసు రోజులు చిత్రంగా ఉంటాయి. మనిషి అదే కుర్చీలో కూర్చుంటాడు, అదే చాయ్ తాగుతాడు. కానీ వచ్చే నెల పని గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ అతని వైపు చూడరు. అందరికీ చెప్పే సంగతులు అతనికి చెప్పడం మర్చిపోతారు. నిన్నటిదాకా కస్సుమన్న పెద్దసారు ఉన్నట్టుండి అండీ అని పిలుస్తాడు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడని ఒకరు మాత్రం పక్కకు తీసుకెళ్లి, ఎక్కడికి వెళ్తున్నావు, అక్కడ ఇంకో ఖాళీ ఉందా అని అడుగుతారు.

అయినా ఆ రోజులు వృథా కావు. పనిలో పుస్తకానికెక్కని జ్ఞానం చాలా ఉంటుంది. షట్టరు ఏ మూల పైకి లాగితే తెరుచుకుంటుందో, ఏ మిషను వేడెక్కితే ఎంతసేపు ఆపాలో, ఏ ఊరి గిరాకీకి వడ్లు అమ్మేదాకా బాకీ నిలపవచ్చో, ఏ ఆఫీసులో ఎవరిని ముందు పలకరిస్తే పని కదులుతుందో. ఇవన్నీ కొత్తవాడికి అప్పజెప్పడానికి ఆ గడువు సరిపోతుందా అనిపిస్తుంది. వెళ్లేవాడు ఆ పని ఇష్టంగా చేస్తే అతని మీద కోపం ఉన్నవాళ్లకు కూడా మనసు కరుగుతుంది.

యజమాని వైపు నుంచి కూడా చూడాలి. యజమాని అనగానే పెద్ద కంపెనీయే కానక్కర్లేదు. బజారులో చిన్న బట్టల దుకాణం నడిపే ఆయనకు చీర మడత విప్పి చూపించడం దగ్గర్నుంచి నేర్పి పెంచిన కుర్రాడు ఒకడుంటాడు. ఏ ఇంటావిడకు ఏ రంగు నచ్చుతుందో వాడికే తెలుసు. పెళ్లిళ్ల సీజను ముందు వాడొచ్చి, సేటూ, నేను సొంతంగా పెట్టుకుంటున్నా అంటాడు. ఆయనకు కలిగేది కోపం అనుకుంటాం. నిజానికి అది దిగులు. ఉప్పు తిన్న ఇల్లు అనే మాట ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. ఎందుకంటే ఇరవై ఐదేళ్ల కిందట తనూ ఎవరి దుకాణంలోంచో ఇలాగే బయటికి వచ్చాడు. అలాంటివాళ్లలో కొందరు ఆ కుర్రాడి కొత్త దుకాణం పూజకు వెళ్లి మొదటి బోణీ తామే చేసి రావడం మన బజారుల్లో చూస్తూనే ఉంటాం.

నోటీసు ఇచ్చే వ్యవధి కూడా దొరకని వెళ్లడాలు ఉంటాయి. 2024 సెప్టెంబరు 30న డీఎస్సీ ఫలితాలు వచ్చాయి. అక్టోబరు 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో కొత్త టీచర్లకు నియామక పత్రాలు అందాయి. మర్నాడే సద్దుల బతుకమ్మ. ఆ పత్రాలు అందుకున్నవాళ్లలో పగలు ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పి, రాత్రి పిల్లలు పడుకున్నాక చదువుకున్నవాళ్లు చాలామంది. ఏళ్లు ఎదురుచూసిన కొలువు. ఇంటినిండా సంబరం.

కానీ దసరా సెలవులు అయిపోయి బడి తెరిచాక, ఆ ప్రైవేటు బడుల్లో తరగతి గదిలోకి లెక్కల టీచరు రాలేదు. వేరే ఎవరో వచ్చారు. పిల్లలకు ఎవరూ నోటీసు ఇవ్వరు కదా. ఆ టీచర్లలో ఎంతమందికి ఆ సంగతి ముల్లులా గుచ్చుకుని ఉంటుందో. బతుకమ్మ ఆడుతూనే, ఎనిమిదో తరగతికి సగంలో వదిలేసిన పాఠం గుర్తొచ్చి ఉంటుంది. సంతోషంలో చిన్న బాధ కలవడం మంచి మనుషులకే జరుగుతుంది.

ఇలాంటి వెళ్లిపోవడాలకు భయపడే, చేరేటప్పుడే పదో తరగతి మెమో, డిగ్రీ సర్టిఫికెట్టు అసలువి తీసుకుని బీరువాలో పెట్టుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. మనిషి వెళ్లిపోవాలనుకున్నా కాగితాలు వెళ్లనివ్వవు. రాజీనామా ఇచ్చిన మనిషి ఆ బీరువా తాళం కోసం రోజూ వచ్చి బెంచీ మీద కూర్చోవడం చూసినప్పుడు మనసు చివుక్కుమంటుంది. భయంతో పట్టి ఉంచిన మనిషి పిల్లలకు ఏం పాఠం చెప్పగలడు?

మంచితనం కూడా కాగితాల చుట్టే ఉంటుంది. సర్కారు ఆఫీసుల్లో అనుభవమున్న సూపరింటెండెంటు ఒకరు ఉంటే ఎన్ని కుటుంబాలు గట్టెక్కుతాయో. ఇరవై ఏళ్ల సర్వీసు దాటిన మనిషి ఏదో మాట పడి, ఆవేశంలో రాజీనామా చేస్తున్నానని రాసుకొస్తాడు. పాత పింఛను పద్ధతిలో ఉన్నవాళ్లు రాజీనామా అని రాస్తే వెనకటి సర్వీసు అంతా కొట్టుకుపోయి పింఛను రాదు. అదే మూడు నెలల ముందు స్వచ్ఛంద పదవీ విరమణ అని రాసిస్తే పింఛను దక్కుతుంది. ఆ సూపరింటెండెంటు కాగితం చదివి, పై అధికారికి పంపకుండా సొరుగులో పెట్టి, "ఇంటికి పోయి ఒక రాత్రి పండుకోండి సారూ, పొద్దున మాట్లాడుకుందాం" అంటాడు. ప్రైవేటు కంపెనీల్లో ఇలాంటి పెద్దమనిషి ఇంకో లెక్క చెబుతాడు. ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ వస్తుంది, నీకు ఇంకా రెండు నెలలే ఉంది, అప్పటిదాకా ఓపిక పట్టు. ఆ రెండు నెలలు ఆగినందుకు వచ్చిన డబ్బుతో ఇంటి స్లాబు పడినవాళ్లు ఉంటారు.

రాజీనామా అన్న మాట మన ప్రాంతంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎల్లారెడ్డి నియోజకవర్గంలో 2008 మేలో, మళ్లీ 2010 జులైలో ఉప ఎన్నికలు జరిగాయి. 2012 మార్చిలో కామారెడ్డి వంతు వచ్చింది. మూడూ తెలంగాణ ఉద్యమంలో ఎమ్మెల్యేలు రాసిచ్చిన రాజీనామాల వల్ల వచ్చినవే. బతుకమ్మ పాటల్లోకి, పెళ్లి విందుల ముచ్చట్లలోకి కూడా ఆ మాట వచ్చి చేరిన కాలం అది.

శాసనసభ్యుడి రాజీనామాకు ఒక పద్ధతి ఉంది. సొంత సంతకంతో స్పీకరుకు రాయాలి. 1974లో రాజ్యాంగానికి జరిగిన 33వ సవరణ దానికి ఇంకో మాట చేర్చింది. ఆ సభ్యుడు తన ఇష్టంతోనే, నిజంగానే రాసిచ్చాడని స్పీకరుకు నమ్మకం కలగాలి. ఆ ఒక్క ప్రశ్న మామూలు ఉద్యోగిని కూడా ఎవరైనా అడిగితే ఎంత బాగుండును. మేం తీసేశామనే కంటే నువ్వే రాసిచ్చావంటే నీకే మర్యాద అని చెప్పి, ఎదురుగా కూర్చోబెట్టి రాయించుకున్న కాగితాలు ఎన్ని ఫైళ్లలో ఉన్నాయో. వాటిలోనూ సొంత కారణాలనే రాసి ఉంటుంది.

ఇష్టంతో రాసిన రాజీనామా అంటే ముందుగా గుర్తొచ్చేది లాల్ బహదూర్ శాస్త్రి. 1956 సెప్టెంబరులో మన మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కూలి రైలు పడిపోయింది. వందమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రిగా ఉన్న శాస్త్రి రాజీనామా ఇచ్చారు. నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబరులో తమిళనాడులోని అరియలూరు దగ్గర మరో ఘోర ప్రమాదం. శాస్త్రి మళ్లీ రాసిచ్చారు. ఈసారి నెహ్రూ అంగీకరిస్తూ, తప్పు శాస్త్రిది కాకపోయినా ఒక మంచి సంప్రదాయం నిలబడాలని ఒప్పుకుంటున్నానన్నారు. చరిత్ర పుస్తకాలు రెండో ఉత్తరాన్నే చెబుతాయి. నాకు మొదటిది ఎక్కువ గుర్తుంటుంది. మహబూబ్‌నగర్ ఇళ్లలో ఏడుపులు ఆగకముందే ఢిల్లీలో ఒక మనిషికి తన కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు.

ఇంకాస్త వెనక్కి వెళితే, వెళ్తానని చెప్పడమే నేరమైన కాలం కనబడుతుంది. మన ఊళ్లలో జీతగాళ్లు ఉగాది నుంచి ఉగాది దాకా కుదిరేవాళ్లు. ఏడాదికి ఇంత ధాన్యం, ఒక గొంగడి, ఒక జత చెప్పులు. ఉగాది ముందు, వచ్చే ఏడాది ఉండను దొరా అని చెప్పగలిగినవాడు అదృష్టవంతుడు. పెళ్లికో చావుకో తీసుకున్న బాకీ ఉంటే ఆ మాట నోట రాదు. అట్లా బాకీకి కట్టుబడ్డవాళ్లను నిజాం జమానాలో భాగేలాలు అనేవాళ్లు. తండ్రి బాకీకి కొడుకు, కొడుకు తర్వాత మనవడు. వాళ్ల దగ్గర కాగితం లేదు, తేదీ లేదు, నెలరోజుల గడువు లేదు. బాకీ ఎంతుందో దొర పుస్తకానికే తెలుసు.

అట్లాంటి మనిషి ఇక భరించలేకపోతే రాత్రికి రాత్రి వెళ్లిపోయేవాడు. పశువులకు మేత వేసి, దొడ్డి గొళ్లెం పెట్టి, గొంగడి కప్పుకుని, పొద్దు పొడవకముందే పొలిమేర దాటేవాడు. బొంబాయికో భివండీకో చేరినా చాలాకాలం ఊరికి ఉత్తరం రాసేవాడు కాదు. 1976లో వెట్టి నిర్మూలన చట్టం వచ్చి ఆ బాకీలు చెల్లవంది. ఆ కాలపువాళ్లు ఇప్పటికీ మన ఊళ్లలో ఉన్నారు. రచ్చబండ దగ్గర ఒక ముసలాయన పక్కన కూర్చుని, నీ మనవడు కంపెనీకి నోటీసు ఇచ్చాడట కదా అంటే ఆయన కళ్లలో మెరుపు కనబడుతుంది. పోతనని చెప్పి, పట్టపగలు, జీతం లెక్క చూసుకుని, చేయి కలిపి రావడం! ఆయనకు అది ఎంత పెద్ద విషయమో మనకు అందదు.

అదే కథ ఎడారి దేశాల్లో మళ్లీ మొదలైంది. కామారెడ్డి స్టేషన్లో ముంబయి రైలెక్కి, అక్కడి నుంచి దుబాయికో సౌదీకో కువైట్‌కో వెళ్లినవాళ్లు లింగంపేట, గాంధారి, మాచారెడ్డి వైపు ఊరూరా ఉన్నారు. వెళ్లాక పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే అక్కడి యజమాని దగ్గర ఉంటుంది. పని నచ్చకపోయినా, చెప్పిన జీతం రాకపోయినా, వెళ్తానని చెబితే వినేవాళ్లు లేరు. చివరికి ఒక రాత్రి క్యాంపు గది వదిలి బయటపడాలి. అట్లా బయటపడ్డవాణ్ణి మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. గంజిలో ఉప్పు వేసుకుని తాగే ఇంట్లో కూడా ఆ అరబ్బీ మాట అందరికీ తెలుసు. ఖల్లివెల్లి అయ్యాక ఆస్పత్రికి వెళ్లాలన్నా భయం, రోడ్డు మీద నడవాలన్నా భయం. తల్లి చనిపోతే చూడ్డానికి కూడా రాలేడు. క్షమాభిక్ష ప్రకటిస్తే అప్పుడు పాస్‌పోర్టు బదులు ఇచ్చే ఔట్‌పాస్ తీసుకుని రావాలి. 2018లో కువైట్, ఎమిరేట్స్ అట్లా ప్రకటించినప్పుడు మన ఊళ్లకు ఏళ్ల తరబడి కనబడని మొహాలు తిరిగివచ్చాయి. నాన్నను గుర్తుపట్టని పిల్లలు వాకిట్లో నిలబడి చూశారు.

అక్కడా కాలం కొంచెం మారింది. ఖతర్ 2020లో, యజమాని అనుమతి పత్రం లేకుండానే పని మారవచ్చంది. రెండేళ్లలోపు పనిచేసినవాళ్లు నెల ముందు, అంతకు మించితే రెండు నెలల ముందు నోటీసు ఇస్తే చాలు. కానీ నోటీసు అంటే రాయాలి కదా. ఏ భాషలో? మేస్త్రీ పనిలో చేయి తిరిగిన మనిషికి ఇంగ్లిషు రాదు, అరబ్బీ మాటల్లో పదో ఇరవైయో వచ్చు. అప్పుడు ఊళ్లో బడి సారు ఫోనుకు ఒక వాయిస్ మెసేజి వస్తుంది. "సారూ, నౌకరి ఇడిసిపెట్టి ఇంటికస్తనని నాలుగు ముక్కలు రాసి పంపుండ్రి. జర మంచిగ రాయుండ్రి సారూ, వాళ్లు నన్ను మంచిగనే చూసుకున్నరు." సారు రాత్రి భోజనం అయ్యాక కళ్లజోడు పెట్టుకుని ఫోనులో రాస్తాడు. రాయడం అయ్యాక రెండుసార్లు చదువుకుంటాడు. ఎక్కడో ఇసుకలో ఉన్న ఒక మనిషి ఆ నాలుగు ముక్కల సాయంతో చెప్పి బయల్దేరతాడు.

మన ఇళ్లలోనే ఉండి ఏనాడూ రాజీనామా రాయనివాళ్లు ఇంకొందరున్నారు. బీడీలు చేసే ఆడవాళ్లు. పన్నెండు, పదమూడేళ్లకు తల్లి పక్కన కూర్చుని ఆకు కత్తిరించడం మొదలుపెట్టినవాళ్లు. ఒడిలోని చాట పక్కన పెట్టి పెళ్లిచూపులకు లేచి, మళ్లీ వచ్చి కూర్చున్నవాళ్లు. కార్ఖానా నుంచి ఆకు, తంబాకు ఇంటికి వస్తాయి, కట్టలు తిరిగి వెళ్తాయి. అందులో పని మానేయడమంటే ఒకరోజు ఆకు తెచ్చుకోకపోవడమే. వేళ్లు వంగడం లేదనో, దమ్ము వస్తోందనో, కోడలు వద్దందనో. ముప్పై ఏళ్ల పని అట్లా మాటా పలుకూ లేకుండా ఆగిపోతుంది.

పీఎఫ్ డబ్బు తీసుకునే రోజున మాత్రం ఒక కాగితం ముందుకు వస్తుంది. అందులో పని మానడానికి కారణం అని ఒక గడి ఉంటుంది. కాగితం నింపే పిల్లవాడు అడుగుతాడు. ఆ తల్లి కాసేపు తన వేళ్ల వైపు చూసుకుని, "ఏం రాస్తవో రాయి బిడ్డా" అంటుంది. అంత పనికీ ఆ చిన్న గడిలో రాయగలిగింది ఏముంటుంది? వేలిముద్ర వేసి, సిరా చీరకొంగుకు తుడుచుకుని, బస్సుకు వేళయిందని లేస్తుంది. ఆవిడకు శాలువా కప్పినవాళ్లు లేరు. కార్ఖానా నుంచి ఒక ఉత్తరం వచ్చి, ఇన్నేళ్లు చేశావమ్మా, నీ చేతి కట్ట ఎన్నడూ వెనక్కి రాలేదు అని ఉంటే, చదవడం రాకపోయినా ఆవిడ ఆ కాగితాన్ని పెట్టెలో దాచుకుని ఉండేది.

పనిలో పెట్టుకున్నవాళ్లకు నాదొక విన్నపం. మీ దగ్గర పనిచేసిన మనిషి ఆ కాగితం పట్టుకుని వచ్చిన రోజున, నిలబెట్టి మాట్లాడకండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. చాయ్ తెప్పించండి. ఉండమని ఒక్కసారి అడగండి, ఉండనంటే ఒప్పుకోండి. బీరువాలో ఏమైనా కాగితాలుంటే ఆఖరి రోజు కోసం ఆగకుండా తీసి ఇచ్చేయండి.

రాయడం వచ్చినవాళ్లకు ఇంకొకటి. ఎవరైనా మీ ఇంటికి వచ్చి, రాజీనామా ఉత్తరం రాసిపెట్టమని అడిగితే పనులున్నాయని పంపేయకండి. తేదీ వేయండి. ఆఖరి రోజు ఏదో సూటిగా రాయండి. పని నేర్పినందుకు, అన్నం పెట్టినందుకు ఒక వాక్యం చేర్చండి. రెండు కాపీలు తీయించి, ఒకదాని మీద ముట్టినట్టు సంతకం పెట్టించుకొమ్మని మర్చిపోకుండా చెప్పండి. పీఎఫ్ ఆఫీసులోనైనా, గ్రాట్యుటీ లెక్క దగ్గరైనా, రేపు కొత్త కొలువులో చేరేటప్పుడైనా వాళ్లకు అక్కరకొచ్చేది ఆ సంతకం ఉన్న కాపీయే.